గోరింట చెప్పిన చర్మశాస్త్రం

గాజులు కొందామని లాడ్‌బజారుకి వెళ్ళిన ఆడది ఒక్క గాజులతోనే ఇంటికి తిరిగొచ్చిందని నేనింతవరకూ వినలేదు. చార్మినార్‌కి పడమటి వైపు సందులోకి అడుగు పెట్టామో లేదో లక్కగాజుల తళుకులు, అత్తరు సీసాలు, ముల్తానీ మట్టి పొట్లాలు, ఉబ్టన్ పొడులు కొంగు పట్టుకు లాగుతాయి. ఉబ్టన్ అంటే మరేం లేదండీ, మన సున్నిపిండికి పినతల్లి కూతురు!

నేను బి.ఏ. చదివినదాన్ని. శరీరశాస్త్రం నాకేం తెలుసు? అందులో మొదటి పాఠం అక్కడ మెహందీ పెట్టే ఒక ఆపా చెప్పింది. "అరచేతిలో ఎర్రగా పండుతుంది, చేతి పైన వెలిసినట్టుంటుంది. ఎందుకాపా?" అని అడిగాను. "అరచేతి తోలు మందం కదమ్మా, రంగు మస్తుగ తాగుతది. పైన పల్చగుంటది, ఏం తాగుతది?" అంది.

తరవాత పుస్తకాలు తిరగేస్తే ఆవిడ మాట అక్షరాలా నిజం. మన ఒంటిమీద అన్నిటికంటే పైనుండే పొర ప్రాణం లేని కణాలది. గోళ్ళలోనూ వెంట్రుకల్లోనూ ఉండే కెరాటినే వాటి నిండా ఉంటుంది. గోరింటాకులోని లాసోన్ అనే రంగు ఆ కెరాటిన్‌ని పట్టుకుంటుంది. అరచేతుల్లో, అరికాళ్ళలో ఈ పొర బాగా మందం కనక అక్కడ అంత ఎరుపు. గోరింటాకు పండితే మంచి మొగుడొస్తాడంటారు కదా, మొగుడి సంగతి నాకు తెలియదు గాని తోలు మందం మాత్రం తెలుస్తుంది!

ఈ పొర కింద కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. పుట్టిన కణం పైకొచ్చి, ఎండి, రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రెండు మూడు వారాల్లో గోరింట వెలిసిందని మనం అనుకుంటాం. నిజానికి పండిన చర్మమే పొట్టులా రాలిపోయిందన్నమాట.

సరే, ఎలాగూ రాలిపోయే పొరే కదా అని చిన్నచూపు చూడకండి. మనల్ని కాపాడే ప్రహరీగోడ అదే. కణాలు రాళ్ళయితే, వాటి మధ్యనుండే కొవ్వు సున్నం. 1591 నుంచి చార్మినార్ నిలబడి ఉందంటే అందులో రాతి గొప్ప ఎంతో, సున్నం గొప్పా అంతే. వేణ్ణీళ్ళు కుమ్మరించుకుని, సబ్బు రెండుసార్లు రుద్దితే కొట్టుకుపోయేది ఆ సున్నమే. పైగా చర్మం పైభాగం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, మామూలు సబ్బేమో క్షారం. చలికాలంలో మోచేతులు తెల్లగా పొట్టు రేగాయంటే గోడ బీటలిచ్చిందని అర్థం. స్నానం కాగానే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే కాస్త కొబ్బరినూనో వాజలీనో రాసుకుంటే చాలు. అది చర్మానికి అన్నం పెట్టదు, లోపలి నీరు బయటికి పోకుండా అడ్డుకుంటుంది. పై చర్మంలో రక్తనాళాలే లేవు. దానికి తిండి కింది పొర నుంచి రావలసిందే. మనం కంచంలో వేసుకున్న పప్పూ ఆకుకూరే దాని పోషణ.

ఇక రంగు సంగతి. ఇక్కడే నాకు కడుపు మండుతుంది. రంగునిచ్చే కణాలు నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ ఇంచుమించు ఒకే లెక్కలో ఉంటాయట. తేడా అవి తయారుచేసే మెలనిన్‌లో. ఆ మెలనిన్ ఒక్కొక్క కణంలోనూ బీజం మీద గొడుగులా చేరి, ఎండ దెబ్బ తగలకుండా కాస్తుంది. అంత మంచి గొడుగుని చింపుకోవడానికి మనం డబ్బు పోస్తున్నాం! 1975లో మన దేశంలో బజారుకొచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. పెళ్ళిచూపుల్లోంచి ఆ మాట ఎవరు తీస్తారు?

లాల్‌దర్వాజాలో ఉండే మా అక్క కూతురికి ఆ మధ్య ఒక సంబంధం వచ్చింది. "పిల్ల చక్కనిదే, రంగే కాస్త..." అని నసిగారట. ఎవరో చెబితే పేరూ ఊరూ లేని డబ్బాలో క్రీము కొని, మూడు నెలలు రాసింది. మొదటి నెల మొహం వెలిగిపోయింది. మూడో నెలకి బుగ్గల మీద ఎర్రటి నరాలు, మొటిమలు, నూగు వెంట్రుకలు. గాలి తగిలినా మంటే! చర్మ వైద్యురాలు చూసి, అందులో స్టెరాయిడ్ కలిసుంటుందనీ, అది చర్మాన్ని పల్చన చేసేస్తుందనీ చెప్పింది. అలాంటిది హఠాత్తుగా మానేసినా మంట ఎక్కువవుతుందిట, డాక్టరు చెప్పినట్టే మానాలిట. కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఆ సంబంధం వాళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

మీ ఇంట్లోనూ ఆడపిల్లలుంటారు. డబ్బా మీద ఏం కలిపారో రాసి లేని క్రీము చేత్తో ముట్టుకోనివ్వకండి. గంటలో నల్లగా పండే 'నల్ల మెహందీ' కూడా వద్దు. గోరింట ఎరుపే పండుతుంది గాని నలుపు పండదు. ఆ నలుపు చాలాసార్లు జుట్టు రంగులో వాడే రసాయనం, చేతులు బొబ్బలెక్కుతాయి.

మా పిల్లకి ఈమధ్య ఇంకో సంబంధం వచ్చింది. కాబోయే అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "ఫోటోలో కంటే చామనఛాయగా ఉన్నావేమమ్మా?" అందిట. "మా పిన్ని చెప్పిందండీ, నాకు గొడుగులు కాస్త ఎక్కువట" అంది మా పిల్ల. ఆవిడకి బోధపడలేదు గాని, పక్కనున్న పెళ్ళికొడుకు మాత్రం అర్థం చెప్పమని అడిగాడట. ఇంకా చెబుతూనే ఉంది!