చింతపిక్కల పోకరు

పేకాట అనగానే మన పెద్దలు ముఖం చిట్లించుకోవడం, సంక్రాంతి వచ్చేసరికి అరుగుమీద దుప్పటి పరిచి ఆ పెద్దలే కూర్చోవడం, రెండూ మనం చిన్నప్పటినుంచి చూసినవే. ధర్మరాజు జూదం కథ చెప్పి మనల్ని భయపెట్టినవారే, "ఆ జోకరు ఒక్క క్షణం ముందు వచ్చి ఉంటేనా" అని పండగ మూడు రోజులూ నిట్టూర్చేవారు. కాబట్టి పేకాట మీద మనవాళ్ల అసలు అభిప్రాయమేమిటో తేల్చడం ఎవరి తరమూ కాదు. నేనూ ఆ జోలికి పోను.

నేను చెప్పబోయేది పోకరు సంగతి. అబుదాబి దీవి దాటి ఇవతలికి వస్తే ముసఫ్ఫా పక్కన మన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ ఉంది కదా, అక్కడ మా ఫ్లాటు హాలులో ఏడాదిన్నరగా నెలకు రెండు మూడు శనివారాలు ఈ ఆట సాగుతోంది. 2022 జనవరిలో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారిన దగ్గర్నుంచి శనివారం రాత్రి కాస్త ఆలస్యంగా పడుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. ఆడేది నలుగురం: నేను, మా ఆవిడ, పక్క ఫ్లాటు భీమవరం ఆయన, కింది అంతస్తులో ఉండే కర్నూలు ఇంజనీరు. బల్ల దగ్గర అయిదో మనిషి ఒకడున్నాడు. అతని గురించి తరవాత చెబుతాను.

మొదటి నియమం డబ్బు లేకపోవడం. ఈ దేశంలో అనుమతి లేని జూదం నేరం. 2023లో జనరల్ కమర్షియల్ గేమింగ్ రెగ్యులేటరీ అథారిటీ ఏర్పడి లాటరీ వంటివాటికి లైసెన్సులు ఇస్తోంది గాని, మనం ఇంట్లో దిర్హాములు పెట్టుకుని కూర్చోవడానికి అది అనుమతి కాదు సుమండీ. సరే, డబ్బు వద్దు, ఫోనులో ఉచితంగా ఇచ్చే బిళ్లలతో నేర్చుకుందామని కర్నూలు ఇంజనీరు అన్నాడు. నాలుగు రోజులు చూశాం. పది లక్షల బిళ్లలు ఊరికే చేతిలో పోస్తే మనిషి వాటిని ఇసుక కింద లెక్కగడతాడు. ముక్కలు చూడకుండానే ఉన్నదంతా తోసేస్తాడు. పోతే రేపు మళ్లీ పది లక్షలు వస్తాయి. అలాంటి బల్ల దగ్గర ఏం నేర్చుకుంటాం?

అంటే పోతే కాస్త బాధ కలిగేది ఏదో ఉండాలి, అది డబ్బు కాకూడదు. దీనికి ఉపాయం చెప్పింది మా ఆవిడ. ఒక్కొక్కరికి నూరేసి చింతపిక్కలు. ఆ రాత్రి ఎవరి దగ్గర తక్కువ మిగిలితే వాళ్లు అందరి గిన్నెలూ కడగాలి. నెల మొత్తం మీద వెనకబడినవారు తరవాతి శనివారం అందరికీ టిఫిను పెట్టాలి, అదీ స్వయంగా వండి, హోటలు నుంచి తెప్పించకుండా. ఇక్కడ దుకాణాల్లో దొరికేదంతా గింజ తీసిన చింతపండు దిమ్మలు కావడంతో, పిక్కలకోసం మా అత్తగారికి కబురు పెట్టాం. పిల్లలు వామనగుంటలు ఆడుకుంటారు కాబోలని ఆవిడ సంతోషించి పెద్ద డబ్బానిండా పంపారు. మేమూ ఆ సంతోషాన్ని చెడగొట్టలేదు.

ఇక ఆట. తెలియనివారికోసం క్లుప్తంగా చెబుతాను. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు. బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తరవాత ఒకటి, ఆపైన మరొకటి తెరుస్తారు. ఈ ఏడింటిలో మంచి అయిదు ఎవరికి కుదిరితే మధ్యలో రాశి వాళ్లది. తెరిచిన ప్రతిసారీ పందెం వెయ్యవచ్చు, పెంచవచ్చు, లేదా చేతిలోవి పడేసి తప్పుకోవచ్చు. మన మూడుముక్కలాటకు దాయాదే గాని, ఇందులో కొన్ని ముక్కలు అందరికీ కనబడతాయి గనుక లెక్కకు చోటుంది.

కొత్తగా ఆడేవారికి మొదట వంటబట్టవలసిన విద్య తప్పుకోవడం. 52 ముక్కలనుంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. ఏదో ఒక జత రావడం 17 చేతులకు ఒకసారి. రెండు ఆసులు రావడం 221 చేతులకు ఒకసారి. మేము ఒక రాత్రికి పాతిక చేతులు ఆడతాం, అంటే ఆసుల జతకోసం సగటున తొమ్మిది శనివారాలు ఎదురుచూడాలన్నమాట. మిగతా సమయమంతా మనకు వచ్చేది నానారకాల చెత్త. దాన్ని పట్టుకుని వేలాడకుండా పడెయ్యడం మా మగవాళ్లకు చాలా కష్టమైంది, మా ఆవిడకు మొదటిరోజునుంచే తేలికగా వచ్చింది. కూరల దుకాణంలో ధర నచ్చకపోతే బుట్ట అక్కడే పెట్టి వచ్చేసే మనిషికి పేక పడెయ్యడం ఒక లెక్కా! "వచ్చాం కదా అని కొనేస్తామా ఏమిటండీ?" అంటుంది.

రెండోది బేరం చూడటం. మీ చేతిలో రెండు ఇస్పేట్లున్నాయి, బల్లమీద తెరిచిన నాలుగింటిలో మరో రెండున్నాయి అనుకుందాం. ఇంకొక ఇస్పేటు పడితే అయిదూ ఒకే రంగు, ఆట దాదాపు మీదే. 13 ఇస్పేట్లలో కనబడుతున్నవి 4, మిగిలినవి 9. మీకు కనబడని ముక్కలు మొత్తం 46. అంటే అవకాశం అయిదింట ఒకటికి వెంట్రుకవాసి తక్కువ. మధ్యలో 60 పిక్కలున్నాయి, ఎదుటివారు 20 వేశారు. మీరూ 20 వేస్తే రాశి 100 అవుతుంది, అందులో మీ వంతు అయిదో భాగం. బేరం సరికి సరి. అదే వారు 60 వేస్తే మీరు 60 పెట్టి 180కోసం ఆడాలి. మూడింట ఒకటి అవకాశం ఉంటేగాని గిట్టదు, మీకున్నది అయిదింట ఒకటే. పడెయ్యడమే. ఈ లెక్క వేలిమీద చేసుకోవడం అలవాటయ్యాక భీమవరం ఆయన చేపల మార్కెట్టులో కూడా దీన్నే వాడుతున్నారట. ఎలాగో నేను అడగలేదు.

మన పురాణాల్లో ఈ విద్యకు సాక్ష్యం ఉంది. జూదమనగానే అందరూ ధర్మరాజును తలుచుకుంటారు గాని, అరణ్యపర్వంలో ఆ ధర్మరాజుకే చెప్పిన నలుడి కథను మరచిపోతారు. పుష్కరుడి చేతిలో రాజ్యమంతా పోగొట్టుకున్న నలుడు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేశాడు. నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది! ఆ తరవాత నలుడు తన అశ్వహృదయం ఇచ్చి, ఆయన దగ్గర అక్షహృదయం పుచ్చుకున్నాడు. పాచికల విద్యకీ, చెట్టుకాయల లెక్కకీ సంబంధమేమిటో చిన్నప్పుడు నాకు బోధపడేది కాదు. ఇస్పేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాక బోధపడింది.

అయితే ఋతుపర్ణుడి చెట్టుకూ మా బల్లకూ ఒక తేడా ఉంది. కాయలు లెక్కపెట్టగానే నలుడికి తప్పొప్పులు తెలిసిపోయాయి. పోకరులో బాగా ఆడినవాడు ఓడవచ్చు, అడ్డదిడ్డంగా ఆడినవాడు గెలవవచ్చు. 2003లో అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు కొద్ది డాలర్ల ఆన్‌లైన్ పోటీలో గెలిచి, దాంతో ప్రపంచ పోటీకి వెళ్లి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. చిన్న పందేలతో ఫోన్ల ముందూ కంప్యూటర్ల ముందూ కూర్చున్నవారందరికీ అప్పటినుంచి అతని కథే వేదం. మిగిలిన 838 మంది కథ ఎవరూ చెప్పుకోరు. నేనూ అకౌంటెంటునే గనుక నాకు ఆ రెండో ఖాతా మీదనే దృష్టి.

ఇంతకంటే నాకు నచ్చిన లెక్క 2017 నాటిది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి లిబ్రేటస్ అనే కంప్యూటరు, పిట్స్‌బర్గులో నలుగురు ఆరితేరిన ఆటగాళ్లతో తలపడింది. నిజంగా ఎవరు మెరుగో, ఎవరికి అదృష్టం కలిసివచ్చిందో తేల్చడానికి 20 రోజులపాటు 1,20,000 చేతులు ఆడించారు. కంప్యూటరే గెలిచింది. మేము రాత్రికి పాతిక చొప్పున, ఏడాదికి ముప్పై రాత్రులు ఆడితే అన్ని చేతులు పూర్తికావడానికి 160 ఏళ్లు పడుతుంది. ఒక శనివారం గెలుపును చూసి "నాకు ఆట వచ్చేసింది" అనుకోవడం ఎలాంటిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మరి మెరుగవుతున్నామో లేదో తెలిసేదెట్లా? ఇక్కడే అయిదో మనిషి ప్రస్తావన. వరంగల్లు జిల్లా కుర్రవాడు, ముసఫ్ఫాలో ఉద్యోగం. మొదటి రాత్రి అతన్నీ కూర్చోమంటే, "పత్తాలు నేను పంచుత అన్నా. ఆడుమని మాత్రం అనకున్రి" అన్నాడు. మేమేదో మొహమాటమనుకున్నాం. రెండు నెలల తరవాత ఒకరోజు తనే చెప్పాడు. బెంగుళూరులో పనిచేసే రోజుల్లో ఫోనులో రమ్మీ ఆడేవాడట. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రలో 2020లోనూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినా, అక్కడ అప్పట్లో ఆ అడ్డు లేదు. ఇరవై రూపాయల పందెంతో మొదలై, ఏడాది తిరిగేసరికి రెండు లక్షల ఎనభై వేలు పోయాయి. తల్లి గొలుసు కుదువలో ఉంది. గల్ఫుకు వచ్చింది దాన్ని విడిపించడానికి.

"రమ్మీ నైపుణ్యమున్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదోయ్" అన్నారు భీమవరం ఆయన. నిజమే. సికిందరాబాదు క్లబ్బు కేసులో, 1968 నాటి న్యాయ నివేదికల్లో అచ్చయిన తీర్పు అది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ప్రధానమనీ, మూడుముక్కలాట వట్టి అదృష్టమనీ అన్నారు. ఆ మాట మీదే ఆన్‌లైన్ వ్యాపారమంతా ఏళ్లతరబడి నిలబడింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది.

కుర్రవాడు తీర్పు మాట ఎత్తలేదు. "ఓడిన రోజు ఫోను పక్కకు పెడ్తుంటి సార్. గెలిచిన రోజే నన్ను ముంచింది. ఆట వచ్చిందనుకుంటి" అన్నాడు.

ఆ తరవాతి వారం అతను ఒక నోటు పుస్తకం తెచ్చాడు. పిక్కల జమాఖర్చు అందులో ఒక మూల మాత్రమే ఉంటుంది. మిగతా పేజీ అంతా మా జవాబులు. పెద్ద రాశి లేచిన ప్రతిసారీ, ముక్కలు ఇంకా తెరవకముందే, గెలిచేదెవరో తెలియకముందే, "ఎందుకేసిన్రు?" అని అడుగుతాడు. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. నెలాఖరున చదివి వినిపిస్తాడు. "ఏమో, వస్తుందనిపించింది" అన్న జవాబు మొదటి నెలలో 31 సార్లు కనబడింది. మొన్నటి నెలలో 4. ఆ నాలుగింటిలో మూడు భీమవరం ఆయనవే, ఆయన ఆ మూడూ గెలిచారు. గెలిచినా పుస్తకంలో వాటి పక్కన సున్నా చుట్టాడు కుర్రవాడు. ఆయన చాలా గొడవ చేశారు గాని సున్నా సున్నాగానే ఉంది. మా ఆవిడ జవాబులు చదువుతుంటే మాత్రం కర్నూలు ఇంజనీరు కాగితం, కలం తీసుకుంటాడు. "మీరు గంటనుంచి అన్నీ పడేస్తున్నారు, ఇప్పుడు ఉన్నట్టుండి వేశారంటే మంచి ముక్కలే అనుకుంటారు కదా, అందుకని ఏమీ లేకుండానే వేశాను" అని ఒకచోట ఉంది. బ్లఫ్ అనేది మొండిధైర్యం కాదని, లెక్క ప్రకారం అప్పుడప్పుడు చెయ్యవలసిందేనని ఫాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త 1944లో మార్గెన్‌స్టెర్నుతో కలిసి రాసిన గ్రంథంలో నిరూపించాడట. ఆవిడ ఆయన పేరు వినలేదు.

భీమవరం ఆయన బావమరిది రువైస్‌లో ఉంటారు. ఆయనకోసం నెలకొకసారి అందరం ఫోన్లలో ఉత్తుత్తి బిళ్లలతో విడి బల్ల పెట్టుకుంటాం, పుస్తకంలో మాత్రం పిక్కల లెక్కే. ముఖాలు కనబడవు కాబట్టి అవతలివారు ఎంతసేపు ఆలోచించారన్నదొక్కటే ఆధారం. ఆ రాత్రులు కుర్రవాడు రాడు. ఫోను తెరమీద పేక ముక్కలు చూడటం ఇష్టం లేదన్నాడు. మేమూ రమ్మనలేదు.

పుస్తకంలో ఇప్పటికి 1,140 చేతులు ఎక్కాయి. గొలుసు మీది ఆఖరి కిస్తీ కుర్రవాడు పోయిన నెల కట్టేశాడు. తల్లి మెడలో గొలుసుతో దిగిన ఫోటో చూపించడానికి ఆ శనివారం అందరికంటే ముందే వచ్చాడు. సంతోషంలో భీమవరం ఆయన నోరు జారి, "అయితే ఇవాళ ఒక్క చెయ్యి నువ్వూ కూర్చోవోయ్, పిక్కలే కదా" అన్నారు. మా ఆవిడ ఆయనవంక ఒక చూపు చూసింది. కుర్రవాడు నవ్వి, పేక కలిపి, ఎప్పటిలాగే నలుగురికే పంచాడు. ఆ రాత్రి గిన్నెలు భీమవరం ఆయన కడిగారు.