హాజరుపట్టీలో లేని పేర్లు

సోషియాలజీ ఆప్షనల్ తీసుకున్న మిత్రులకు తెలుసు, రెండో పేపర్ సిలబస్‌లో ‘అసంఘటిత రంగం, బాలకార్మికులు’ అని చిన్న ముక్క ఒకటి ఉంటుంది. దానికి మనం రాసుకునే నోట్సూ చిన్నదే. 24వ అధికరణ, 1986 చట్టం, 2016 సవరణ, 2011 జనాభా లెక్కల అంకె, చివర్లో ‘పేదరికమే మూలకారణం’ అన్న వాక్యం. ఆ చివరి వాక్యాన్ని ఈ రోజు మీతో కలిసి కాస్త పరీక్షించాలని ఉంది. అందుకు ఒక అధ్యాపకురాలి వృత్తిజీవితాన్ని ఎంచుకున్నాను.

ఆమె శాంతా సిన్హా. 1950లో నెల్లూరులో పుట్టారు. ఉస్మానియాలో ఎం.ఏ., జేఎన్‌యూలో పీహెచ్‌డీ చేసి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించారు. చెప్పిన సబ్జెక్టు రాజనీతే అయినా, ఆమె పనిచేసిన నేల మన సోషియాలజీదే: కులం, కూలి, కుటుంబం, బడి.

1980లలో విశ్వవిద్యాలయం తరఫున శ్రామిక విద్యాపీఠం బాధ్యత ఆమెకు వచ్చింది. ఆ పనిమీద రంగారెడ్డి జిల్లా పల్లెలకు వెళ్లి వెట్టి కూలీలను సంఘటితం చేశారు. వెట్టిని రద్దుచేస్తూ చట్టం 1976లోనే వచ్చింది. ఊళ్లలో మాత్రం అప్పు కింద జీతానికి కుదిరినవాళ్లు అప్పటికీ ఉన్నారు, వాళ్లలో చాలామంది పిల్లలే. పెద్దవాళ్లను విడిపిస్తే కూలి ఇప్పించాలి. మరి పిల్లవాడిని విడిపిస్తే ఎక్కడికి పంపాలి? ఆ ప్రశ్నే ఆమెను బడి దగ్గరికి తీసుకెళ్లింది. తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఈ పనిలోకి దిగింది.

అప్పటికి ప్రభుత్వం దగ్గర ఉన్న జవాబు అనియత విద్య. పగలు పని, రాత్రి చదువు. ఫౌండేషన్ దాన్ని ఒప్పుకోలేదు. పగటిపూట పూర్తికాలం బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అని నిర్వచించింది. పశువులు కాసే పిల్లవాడు, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని ఉండిపోయిన ఆడపిల్ల, పత్తి విత్తన చేలలో పూలకు పరాగసంపర్కం చేసే పిల్లలు అందరూ ఇందులోకి వస్తారు.

నిర్వచనం మారితే ఏమవుతుందో 2011 లెక్కల్లోనే చూడండి. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఏడాదికి ఆరు నెలలు, ఆపైన పనిచేసిన ‘మెయిన్’ కార్మికులు 43.5 లక్షలు. అంతకంటే తక్కువ కాలం పనిచేసిన ‘మార్జినల్’ కార్మికులనూ కలిపితే 1.01 కోట్లు. పిల్లలు వాళ్లే, దేశం అదే, మారింది కాలమ్ ఒక్కటే. పూర్తికాలం బడిలో లేనివాళ్లందరినీ లెక్కిస్తే అంకె ఇంకా పెరుగుతుంది. మనం బట్టీపట్టే నిర్వచనాలకు ఇంత బలం ఉంది.

ఇక పేదరికం సంగతి. ఒకే వాడలో, ఒకే కూలి మీద బతికే రెండిళ్లను తీసుకోండి. ఒక ఇంటి పిల్లలు బడికి వెళ్తారు, పక్కింటి పిల్లలు పనికి వెళ్తారు. పేదరికమే మొత్తం కారణమైతే ఈ తేడా రాకూడదు. మైరాన్ వీనర్ 1991లో వెలువడిన ‘ది చైల్డ్ అండ్ ది స్టేట్ ఇన్ ఇండియా’ పుస్తకంలో ఇదే వైపు వేలు చూపించారు. పేదల పిల్లలకు పనే తగినదన్న పైవర్గాల, అధికారుల నమ్మకం కూడా కారణమే అన్నది ఆయన వాదం. పేదరికం భారం అబద్ధమని దీనర్థం కాదు. మధ్యాహ్న భోజనం, పెద్దలకు సరైన కూలి లేకుండా ఈ మాట నిలవదు. కానీ ‘పేదరికం’ అని రాసి పెన్ను మూసేస్తే బడి, ఆఫీసు, చట్టం మూడూ తప్పించుకుంటాయి.

బడి కూడా పిల్లల్ని బయట ఉంచుతుందని క్షేత్రంలో తేలింది. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే రెండో రోజు రాదు. జూన్ దాటితే అడ్మిషన్ లేదంటారు. పుట్టినతేదీ కాగితం తెమ్మంటారు. అందుకే ఫౌండేషన్ వసతితో బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి, కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. వేరే బడులు తెరవకుండా సర్కారు బడికే పంపింది. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనికి తోడయ్యారు.

ఇప్పుడు 2009 విద్యాహక్కు చట్టం తెరిచి చూడండి. 4వ సెక్షన్‌లో వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ ఉన్నాయి. వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్, గడువు దాటిందని నిరాకరించరాదని 15వ సెక్షన్ చెబుతాయి. పల్లెల్లో ఒక్కో పిల్ల దగ్గర ఎదురైన అడ్డంకులు ఇవే. ఈ సెక్షన్లను అలా చదివితే ఎప్పటికీ మరిచిపోరు.

2003లో ఆమెకు సామాజిక నాయకత్వానికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఎథిక్స్ పేపర్‌లో ఉదాహరణగా ఈ పదవులు రాయడం తేలిక. నాకు వాటికన్నా పెద్దదిగా కనిపించేది ఒకటుంది. పాఠం చెప్పే మనిషి తన ఎదుట కూర్చున్నవాళ్లతో తృప్తిపడకుండా, రానివాళ్లు ఎవరని వెతుక్కుంటూ వెళ్లారు. అధ్యాపకులు చేయగల సమాజసేవలో ఇంతకంటే సహజమైనది నాకు తోచదు.

ఈ కథ ముగియలేదు. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లల్ని అన్ని పనుల్లోనూ నిషేధించింది. అయితే బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తుల్లో సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. సాయం ఎక్కడ ఆగి పని ఎక్కడ మొదలవుతుందో, ఊళ్లో ఎవరు కొలుస్తారు? రేపు మీలో ఒకరు ఏ మండలంలోనో, ఏ సబ్ డివిజన్‌లోనో ‘బాలకార్మికులు: సున్నా’ అని వచ్చిన నివేదిక మీద సంతకం పెట్టాల్సి వస్తుంది. అప్పుడు హాజరుపట్టీ తెప్పించుకుని, ఊళ్లో పిల్లలెందరో కూడా అడగండి.

సాధన ప్రశ్న: “బాలకార్మికత పేదరికం సమస్య మాత్రమే కాదు, నిర్వచనం సమస్య కూడా.” చర్చించండి. (250 పదాలు)