పైమెట్టు, అడుగుమెట్టు

పిల్లలూ, బ్రెజిలు దేశం పేరు చెప్పగానే మీకు ఫుట్‌బాల్ ఆట జ్ఞాపకం వస్తుంది. 1958 మొదలు 2002 లోపల ఆ దేశం అయిదుసార్లు ప్రపంచ కప్పు గెలుచుకున్నది. అయితే ఆ దేశంలోని ఊళ్ళ జట్ల మధ్య ఏటేటా నెలల తరబడి సాగే పోటీ ఒకటున్నది. దాని సంగతి మనలో చాలామందికి తెలియదు. అది తెలుసుకోదగిన సంగతి.

ఆ పోటీలో 20 జట్లుంటాయి. ఒక్కొక్క జట్టు తక్కిన 19 జట్లతోనూ రెండేసిసార్లు ఆడుతుంది. ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి అవతలివాళ్ళ ఊళ్ళో. అంటే మొత్తం 38 ఆటలు. గెలిస్తే 3 పాయింట్లు, ఇద్దరూ సమమైతే చెరి ఒకటి, ఓడితే సున్న. చివరకు ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వారే విజేతలు. వేరే ఫైనలు ఆట ఉండదు.

ఇంతవరకూ బాగానే ఉన్నది. కాని అడుగున మిగిలిన నాలుగు జట్ల గతి ఏమిటి? మన బళ్ళో పరీక్ష తప్పినవాడు మహా అయితే మళ్ళీ అదే తరగతి చదువుతాడు. అక్కడ అలా కాదు, కింది తరగతికి దించేస్తారు! కింది తరగతికి పోయిన జట్టుకు రాబడి తగ్గుతుంది, మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు. అందుచేత పై మెట్టుకోసం ఎంత పోరాటం జరుగుతుందో, అడుగున పడకుండా ఉండటానికీ అంత పోరాటం జరుగుతుంది.

2023 సంవత్సరపు పోటీని నేను ఏప్రిల్‌లో మొదలయిననాటి నుంచి డిసెంబరు దాకా విడవకుండా అనుసరించాను. ఏడో తరగతి చదివే మా మేనకోడలు నాకు తోడు. అది ఒక అట్టమీద 20 గళ్ళు గీసి, జట్ల పేర్లు చీటీలమీద రాసి, వారం వారం చీటీలను పైకీ కిందికీ మార్చేది. మన గడియారం వాళ్ళ గడియారం కంటే ఎనిమిదిన్నర గంటలు ముందుంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ దీపాల వెలుగులో ఆట మొదలయ్యే వేళకు ఇక్కడ మనకు ఉదయం ఆరు గంటలు!

ఆ దేశం ఎంత పెద్దదంటే, ఉత్తరాన ఉన్న ఫోర్తలేజా నగరం భూమధ్యరేఖకు దగ్గిర. దక్షిణాన ఉన్న పోర్తో అలెగ్రే నగరం అక్కడికి 3 వేల కిలోమీటర్లకు పైగా దూరం. జూను, జులై నెలల్లో ఒక చోట ఎండ, మరొక చోట చలి. ఒకే పోటీలో ఆటగాళ్ళు రెండూ అనుభవించాలి.

మా మేనకోడలు బొటాఫోగో అనే జట్టును తన జట్టుగా ఎంచుకున్నది. అది రియో నగరపు జట్టు. దాని చిహ్నం నల్లని రంగుమీద ఒకే ఒక తెల్లని చుక్క. పూర్వం ఆ క్లబ్బువాళ్ళు పడవ పందేల వాళ్ళు. తెల్లవారుజామున సముద్రంలో తెడ్లు వేసేటప్పుడు ఆకాశంలో వేగుచుక్క కనిపించేదిట. ఆ చుక్కే వాళ్ళ గుర్తు అయింది. వేగుచుక్క అంటే నక్షత్రం కాదు, శుక్రగ్రహం అని మీకు తెలుసు గదా! నేను శాంతోస్ జట్టును ఎంచుకున్నాను. అది రేవుపట్నపు జట్టు. జగత్ప్రసిద్ధుడైన పెలే 1956లో, తన పదిహేనో ఏట, ఆ జట్టులో చేరి 1974 దాకా ఆడాడు. ఆయన 2022 డిసెంబరు 29న మరణించాడు. 1912లో పుట్టిన ఆ జట్టు అప్పటిదాకా ఎన్నడూ కింది తరగతికి దిగి ఎరగదు.

సగం పోటీ, అంటే 19 ఆటలు, ముగిసేసరికి బొటాఫోగో ఏకంగా 47 పాయింట్లు సంపాదించింది. ఒక దశలో తక్కిన అందరికంటే 13 పాయింట్లు ముందున్నది. మా మేనకోడలు ఆ చీటీని అట్టకు జిగురుతో అంటించేస్తానన్నది. "ఇంకా సగం ఆటలున్నాయి, ఉండనీ," అన్నాను.

ఆ తరవాత ఏం జరిగిందో వినండి. జూను నెలాఖరుకే ఆ జట్టు శిక్షకుడు వేరే దేశపు జట్టుకు వెళ్ళిపోయాడు. ఆయన తరవాత వచ్చినవాళ్ళు ఒకరి వెనక ఒకరు మారుతూ వచ్చారు. నవంబరు 1న పామెయిరాస్ జట్టుతో ఆట. సగం ఆట ముగిసేసరికి బొటాఫోగోకు 3 గోళ్ళు, అవతలివాళ్ళకు సున్న. రెండో సగంలో ఎన్‌డ్రిక్ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు ఒక గోలు కొట్టాడు. బొటాఫోగోకు పెనాల్టీ దొరికింది, కాని గోల్‌కీపరు ఆపేశాడు. ఆ కుర్రవాడే మరొక గోలు కొట్టాడు. తరవాత ఆట సమమయింది. చిట్టచివరి క్షణాల్లో పామెయిరాస్ నాలుగో గోలు కూడా కొట్టి గెలిచింది!

ఆ ఉదయం మా మేనకోడలు ఫలహారం ముట్టకుండా బడికి పోయింది. సాయంత్రం వచ్చి, "మామయ్యా, మొదటి సగంలో అంత బాగా ఆడినవాళ్ళు రెండో సగంలో ఆడటం మరిచిపోయారా?" అని అడిగింది.

మరిచిపోలేదు. కాని గెలవటం అలవాటయినట్టే ఓటమి భయమూ అలవాటవుతుంది. ఎనిమిది రోజుల తరవాత గ్రేమియో జట్టుతో 3-1గా ముందుండి 4-3గా ఓడారు. నవంబరు చివరలో, అప్పటికే కింది తరగతి ఖాయమయిన కొరిచీబా మీద ఆఖరి నిమిషాల్లో గోలు కొట్టి, వెంటనే ఒక గోలు ఇచ్చేశారు. చివరి 11 ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. మొదటి 19 ఆటల్లో 47 పాయింట్లు, తరవాతి 19 ఆటల్లో 17! మొత్తం 64 పాయింట్లతో అయిదో స్థానం. 70 పాయింట్లతో పామెయిరాస్ విజేత అయింది.

ఇక నా శాంతోస్ సంగతి. చివరి ఆట డిసెంబరు 6న. ఆ రోజుకు శాంతోస్‌కు 43 పాయింట్లు, వాస్కోకు 42, బాయియాకు 41. అడుగున మూడు జట్ల గతి అప్పటికే తేలింది. ఈ ముగ్గురిలో ఒకరు దిగిపోవాలి. లెక్కకు అందరికంటే క్షేమంగా ఉన్నది శాంతోసే. పైగా ఆట తన సొంత ఊళ్ళో. మూడు ఆటలూ ఒకే వేళకు మూడు ఊళ్ళలో మొదలయినాయి. ఒకరి ఫలితం చూసి మరొకరు నిదానించకుండా అలా పెడతారు.

బాయియా 4-1గా గెలిచింది. వాస్కో 2-1గా గెలిచింది. శాంతోస్ 1-1గా ఉండి, చివర మరొక గోలు ఇచ్చి ఓడిపోయింది. 111 ఏళ్ళలో మొదటిసారి పెలే జట్టు కింది తరగతికి దిగింది. పెద్దవాళ్ళు మెట్లమీద కూచుని ఏడ్చారు. కొందరు కోపం పట్టలేక బయట వాహనాలు తగలబెట్టారు. ఆ కోపంవల్ల ఒక్క పాయింటు కూడా పెరగలేదు.

మా మేనకోడలు అట్ట ముందు వేసుకుని లెక్కలు మొదలుపెట్టింది. "మామయ్యా, నవంబరు 1న ఆ ఒక్క ఆట బొటాఫోగో గెలిచి ఉంటే?" అప్పుడు బొటాఫోగోకు 67, పామెయిరాస్‌కు 67. సరే. కాని గ్రేమియోకు 68 ఉన్నాయే! కప్పు గ్రేమియోకు పోతుంది! "పోనీ, శాంతోస్ చివరి ఆట సమం చేసుకుని ఉంటే?" బాయియాకు 44, శాంతోస్‌కు 44. పాయింట్లు సమమైతే ఎక్కువ ఆటలు గెలిచినవాళ్ళు పైన. బాయియా 12 గెలిచింది, శాంతోస్ 11. అయినా దిగిపోవలసిందే!

చూశారా? ఆ ఒక్క ఆటవల్లనే చెడిపోయామని అందరూ అంటారు. లెక్క వేస్తే అలా తేలలేదు. ఏప్రిల్‌లో ఎవరూ పట్టించుకోని ఆటలో పోయిన పాయింటుకూ, డిసెంబరులో పోయిన పాయింటుకూ విలువ ఒకటే. కాని ఏప్రిల్‌లో పోయినదానికి ఎవరూ ఏడవరు.

2024 పోటీ మొదలయినప్పుడు, "ఈసారి వేరే జట్టును ఎంచుకుంటావా?" అని మా మేనకోడలిని అడిగాను. అది మాట్లాడకుండా అదే పాత చీటీ తీసింది. ఆ ఏడు బొటాఫోగో మళ్ళీ పైకి వచ్చింది. నవంబరులో అదే పామెయిరాస్‌ను వాళ్ళ ఊళ్ళోనే 3-1గా ఓడించింది. నవంబరు 30న దక్షిణ అమెరికా క్లబ్బులన్నిటికీ పెద్ద కప్పు అయిన లిబెర్తదోరెస్, డిసెంబరు 8న దేశపు కప్పు, రెండూ గెలుచుకున్నది. 1995 తరవాత అదే దానికి మొదటి దేశపు కప్పు. అదే ఏడు శాంతోస్ కింది తరగతిలో మొదటి స్థానం తెచ్చుకుని పైకి ఎక్కి వచ్చింది.

మీరు కూడా ఒక అట్ట తీసుకుని ఏదో ఒక పోటీకి పట్టిక గీయండి. పై చీటీతోబాటు అడుగు చీటీలనూ వారం వారం కనిపెట్టండి. పెద్దవాళ్ళను కూడా కూచోబెట్టుకోండి. అడుగున ఉన్నవాళ్ళు ఒక్క పాయింటుకోసం ఎంత శ్రమపడతారో చూస్తే, తరగతిలో చివర కూచున్న స్నేహితుణ్ణి చూసి నవ్వాలని ఎవరికీ అనిపించదు.