తాళం తిప్పితే కర్ర్ర్...

తాళం తిప్పగానే కారు గట్టిగా అరిస్తే మనలో చాలామంది చేసే పని ఒక్కటే... మళ్లీ తిప్పడం! రెండోసారికి స్టార్టయిందా, ఇక ఆ సంగతి ఆదివారం చూసుకుందాంలే అనుకోవడం. మాకు ఆ వీలు లేకపోయింది. నాన్నకి వారానికి మూడు రోజులు డయాలసిస్. మంగళ, గురు, శనివారాల్లో తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఇంట్లో ఉన్నది 2009 నాటి మారుతి 800. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించాం. అది ఉన్నట్టుండి నాలుగైదుసార్లకోసారి 'కర్ర్ర్'మని ఇనుముని ఇనుముతో గీకినట్టు అరవడం మొదలుపెట్టింది.

మొదట చూపించిన వర్క్‌షాపులో బానెట్ ఎత్తి ఐదు నిమిషాల్లో తేల్చేశారు. స్టార్టర్ మోటార్ మార్చాలి, పన్లోపని బ్యాటరీ కూడా! ఆ ఎస్టిమేటు కాగితం పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకి ఎరికైన పెద్ద మేస్త్రి దగ్గరికెళ్లాను. ఆయన కాగితం చూడలేదు.

"ఎలా అరుస్తుందో నోటితో చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను. పక్కన స్పానర్లు తుడుస్తున్న కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు.

"ప్రతిసారీనా, అప్పుడప్పుడా?"

"అప్పుడప్పుడే బాబాయ్."

"అయితే బ్యాటరీ కాదు."

బ్యాటరీ నీరసిస్తే వచ్చే చప్పుడు వేరట. 'టక్ టక్ టక్'మని వరసగా కొట్టుకుంటుంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పితే వెలుగు చటుక్కున పడిపోతుంది. కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినల్స్ చూడాలి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే విప్పి, వంటసోడా కలిపిన వేణ్నీళ్లతో కడిగి, ఆరాక బిగించి చూడాలి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. బండి ఆగి ఉన్నప్పుడు మీటరులో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. స్టార్టు చేస్తుండగా తొమ్మిదిన్నర కన్నా కిందికి జారితే దాని పని అయిపోవచ్చినట్టే. మాది నిక్షేపంలా ఉంది.

లైట్లు తగ్గకుండా ఒకే ఒక్క 'టక్' వినిపించి ఊరుకుంటే అనుమానం స్టార్టర్ మీదకో, దాని సొలెనాయిడ్ మీదకో పోవాలి. 'గుయ్య్'మని మోటార్ ఒక్కటే తిరిగి ఇంజిన్ కదలకపోతే స్టార్టర్‌లోని చిన్న పళ్లచక్రం ముందుకి రావడం లేదన్నమాట.

మరి మా 'కర్ర్ర్' సంగతి? ఇంజిన్ వెనక ఫ్లైవీల్ అని పెద్ద చక్రం, దాని అంచు చుట్టూ పళ్లున్న ఇనుప రింగు ఉంటాయి. తాళం తిప్పగానే స్టార్టర్ చక్రం వచ్చి ఆ పళ్లలో పడి ఇంజిన్ని తిప్పుతుంది. ఇంజిన్ అందుకోగానే వెనక్కి పోతుంది. నాకు తెలియని విషయం ఒకటి చెప్పాడాయన. ఇంజిన్ ఆగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదట! ఏదో ఒక సిలిండర్లో గాలి నొక్కుకుని ఎదురుతన్నే చోట ఆగుతుంది. 800కి సిలిండర్లు మూడు. కాబట్టి ఫ్లైవీల్ ఇంచుమించు మూడు చోట్లే ఆగుతుంది. నాలుగు సిలిండర్ల బండికైతే రెండు చోట్లే. అంటే ఏళ్ల తరబడి స్టార్టర్ దెబ్బలన్నీ ఆ కాసిని పళ్లకే!

పరీక్ష కూడా చూపించాడు. బండి మళ్లీ అరిచేదాకా స్టార్టు చేస్తూ ఆపుతూ కూర్చున్నాం. ఏడోసారికి అరిచింది. తాళం తీయించి, టాప్‌ గేరులో పెట్టించి, కుర్రాడి చేత బండిని జానెడు ముందుకి నెట్టించాడు. దాంతో ఫ్లైవీల్ కాస్త జరిగింది. న్యూట్రల్‌లోకి తెచ్చి తాళం తిప్పితే కిక్కురుమనకుండా స్టార్టయింది! అరుగుదల ఒకచోటే ఉందని తేలిపోయింది. ఎక్కడ ఆగినా అరుస్తుంటే స్టార్టర్ చక్రాన్ని అనుమానించేవాడట. (ఆటోమేటిక్ కార్లకి ఈ చిట్కా పనికిరాదు.) స్టార్టర్ విప్పి ఆ కంతలోంచి టార్చి వేస్తే రింగులో ఒకపక్క బోసినోరు కనిపించింది.

ఖర్చేమీ తగ్గలేదు. గేర్‌బాక్స్ దించాలి కాబట్టి ఎస్టిమేటుకి కాస్త అటూఇటూగానే అయింది. కాకపోతే ఆ బోసి పళ్లమీద కొత్త స్టార్టర్ బిగిస్తే దాని పళ్లు కూడా అరిగిపోయేవి. డయాలసిస్ లేని బుధవారం పొద్దున్నే బండి ఇచ్చేశాం. కొత్త రింగుని బాగా వేడిచేసి ఎక్కించారు, చల్లారాక బిగుసుకుపోయింది. పల్లెల్లో కమ్మరి బండి చక్రానికి ఇనప పట్టా వేసినట్టే! గేర్‌బాక్స్ ఎలాగూ దిగింది కదా అని అరిగిన క్లచ్ ప్లేటు కూడా మార్పించాను. సాయంత్రానికి బండి ఇంటికొచ్చింది.

బయల్దేరేముందు ఇంకో రెండు చప్పుళ్ల గురించి చెప్పాడు మేస్త్రి. స్టార్టయ్యాక 'కీఁ...'మని కీచుగా అరిచి కాసేపటికి ఆగిపోతే ఆల్టర్నేటర్ బెల్టు జారుతోందన్నమాట. వానాకాలం పొద్దుటిపూట ఎక్కువ. బిగువు చూపించాలి, పగుళ్లుంటే మార్చాలి. ఇంజిన్ అడుగు నుంచి 'దడ్ దడ్'మని బరువుగా చప్పుడొస్తూ, ఎర్ర ఆయిల్ లైటు ఆరకపోతే మాత్రం మరో ఆలోచన వద్దు. "వెంటనే తాళం తీసెయ్యమ్మా. ఆ రోజుకి నాన్నగారిని ఆటోలో తీసుకెళ్లు. బండిని నేనొచ్చి తాడు కట్టి లాక్కెళ్తా" అన్నాడు.