జపాను ఖడ్గాభరణాలు – మా సేకరణ

మానవుని అభిరుచులు అనేకం. కొందరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. కొందరు పాత నాణేలు కూడబెడతారు. మేము సేకరించేవి జపాను దేశపు పాత ఖడ్గాల అలంకారాలు. ఖడ్గం మాకు అక్కరలేదు. దాని ఆభరణాలు చాలును. విన్నవారు ముందు నవ్వుతారు, తరువాత కారణమడుగుతారు. ఆ కారణాన్ని విన్నవించడమే ఈ వ్యాసోద్దేశం.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బిదరీ పాత్రలను చూచిన నాటినుండి నల్లని లోహంపై వెండి మెరుపు మమ్ము ఆకర్షించినది. తరువాత ఉద్యోగరీత్యా లండనులో ఉన్న కాలంలో ఒక వేలంశాలలో ‘త్సుబా’ అనే వస్తువును చూచాము. ఇది బిదరీకి దూరపు బంధువా అనిపించినది. కాని బిదరీలో ప్రధాన లోహం తుత్తునాగం. ఆ త్సుబా ‘షకుడో’ అనే మిశ్రలోహం. రాగిలో కొద్ది పాళ్ళు బంగారం కలిపి, ప్రత్యేక ద్రావణంలో కాచగా నీలిఛాయ గల నలుపు వస్తుంది. బంగారాన్ని మెరుపు కోసం కాక నలుపు కోసం వెచ్చించిన ఆ శిల్పుల అభిరుచి ఎంత ఉదాత్తమైనది!

త్సుబా అనగా పిడికి, అలుగుకు నడుమ ఉండి చేతిని కాపాడే బిళ్ళ. పిడి మొదట ఉండే పట్టీ ‘ఫుచి’. చివరి తొడుగు ‘కషిరా’. పిడికి చుట్టిన పట్టీల క్రింద అమరే చిన్న బొమ్మలు ‘మెనుకి’. 1603 నుండి 1868 వరకు సాగిన ఎదో యుగంలో దేశం చాలవరకు ప్రశాంతంగా ఉన్నది. ఖడ్గం ఒరలోనే ఉండగా లోహశిల్పుల ప్రతిభ ఈ అలంకారాలలో వికసించినది. 1876లో మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు మొదలైనవారికి తప్ప ఇతరులకు ఖడ్గధారణను నిషేధించినది. శిల్పుల జీవనాధారం కూలినది. కనో నత్సువో (1828–1898) వంటి మహాశిల్పి కొత్త నాణేల రూపకల్పనలో పాల్గొన్నాడు. ఎన్నో అలంకారాలు ఖడ్గాలనుండి విడివడి ఐరోపా, అమెరికాలకు తరలిపోయాయి.

వేలానికి ముందు వస్తువును చేతికి తీసుకొని పరీక్షించాలి. నడిమి రంధ్రం చుట్టూ ఉలిగుర్తులు, రాగి ముక్కలు ఉంటే అది ఖడ్గానికి అమరిన వస్తువని ఊహించవచ్చును. చిల్లుల లోపలి అంచులలో పోతగీత కనిపిస్తే సందేహించాలి. సంతకాన్ని మాత్రమే నమ్మరాదు; గొప్పవారి పేర్లు నకళ్ళపై ఎన్నో కలవు.

ఒకమారు ఒకే శిల్పి చేసిన అలంకారాలు మూడు భాగాలుగా వేలానికి వచ్చాయి. త్సుబాపై చంద్రుడు, ఫుచి కషిరాలపై రెల్లుగడ్డి, మెనుకి రూపంలో ఎగిరే అడవి బాతులు. మూడూ కలిస్తేనే శరద్రాత్రి. విడివిడిగా అమ్మితే ఎక్కువ సొమ్ము వస్తుందని యజమాని తలంపు. కలిపి అమ్మవలసినదని కోరాము, వినలేదు. మా సొమ్ము త్సుబాకే చాలినది. మిగిలినవి చెరొకరి పాలయ్యాయి. చంద్రుడు మా ఇంట వెలిగాడు కాని, రాత్రి చెదరిపోయినది.

మేము మూడింటి కొలతలు, చిత్రాలు ఒకచోట వ్రాసి పెట్టుకొని, తక్కిన ఇద్దరికీ అందజేయవలసినదని వేలంశాలకు లేఖ ఇచ్చాము. నాలుగు నెలలకు బాతుల యజమాని జవాబు వ్రాశాడు. మాలో ఎవరు ముందు అమ్మదలచినా రెండవవారికే ముందు చెప్పాలని ఒప్పందం చేసుకొన్నాము. రెల్లుగడ్డి జాడ ఇంకను తెలియవలసి ఉన్నది.

సేకర్త వస్తువుకు యజమాని కాడు, కాపరి మాత్రమే. కొనుగోలు ఒక్క క్షణం, కాపాడుట జీవితకాలం. ఇనుప త్సుబాకు శిల్పి కోరి తెచ్చిన గోధుమవన్నెను తోమి మెరిపించినవాడు శిల్పి శ్రమను చెరిపినవాడే. విద్యార్థి మిత్రులారా! మీ ఇండ్లలోను తాతలనాటి బిదరీ పాత్రయో, పాత కత్తి పిడియో ఉండవచ్చును. దానిని చింతపండుతో తోమకండి. అది ఎవరిదో, ఎక్కడిదో, దేనితో కూడి ఉండేదో పెద్దలనడిగి ఒక కాగితంపై వ్రాసి ఉంచండి. చెప్పగల పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.