జ్వరంలో ఉన్న షెడ్డు

"వాటిని కదపాకండి సార్, జ్వరంలో ఉండాయి."

మడకశిర దగ్గర ఒక పల్లెలో పట్టుపురుగుల షెడ్డులోకి అడుగు పెట్టగానే ఆ ఇంటి అక్క చెప్పిన మాట ఇది. స్టాండ్ల మీద వేల పురుగులు తలలెత్తి బిగుసుకుని ఉన్నాయి. ఆకు వెయ్యలేదు. పైన సున్నపు పొడి చల్లారు. నాలుగో జ్వరమట, రేపటికి లేస్తాయట.

బడిలో మనం నిర్మోచనం అని బట్టీ పట్టినదే ఈ జ్వరం. నన్నడిగితే రైతుల మాటే మేలు. పుస్తకాల మాట కుబుసం విడవడం దగ్గరే ఆగిపోతుంది. మేత మానడం, మూలన పడి ఉండటం, లేచాక ఆవురావురుమనడం, అన్నీ జ్వరంలో ఇమిడాయి. జీవితం మొత్తంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ నాలుగో జ్వరం లేచాకే తింటాయి.

జ్వరం పుట్టేది తలలో. మెదడు నుంచి వచ్చే హార్మోన్ ఛాతీలోని గ్రంథుల్ని తట్టి లేపుతుంది. అవి ఎక్డైసోన్ వదిలితే పాత తోలు కింద కొత్తది తయారవుతుంది. లోపలి నుంచి మళ్ళీ పురుగే రావాలా, ప్యూపా రావాలా అన్నది తేల్చేది మాత్రం మెదడు వెనకున్న మరో జంట గ్రంథుల జువెనైల్ హార్మోన్. అది ఉన్నన్నాళ్ళూ పురుగుకు చిన్నతనం తీరదు. 1938లో బూనియోల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లేత పట్టుపురుగుల్లో ఆ జంటను తీసేస్తే, అవి పెరగకుండానే బుల్లి ప్యూపాలైపోయాయి. రెండేళ్ళకు జపాన్‌లో ఫుకుదా ఛాతీ గ్రంథుల పని బయటపెట్టింది కూడా పట్టుపురుగుల్లోనే.

1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టు ప్యూపాలను పిండి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ తీశారని చెబితే అక్క నవ్వింది. "అంత సరుకు హిందూపురం మార్కెట్టుకు ఏసుంటే బాగుపడేవాళ్ళు గదా!"

ఆ ఎక్డైసోన్ చుట్టాలు ఇప్పుడు కొన్ని మొక్కల నుంచే దొరుకుతున్నాయి. నాలుగో జ్వరం తర్వాతి ఐదో దశ చివర నాలుగు పురుగులు పండటం, అంటే గూడు కట్టడానికి సిద్ధమవడం, మొదలవగానే ఆ మందును ఆకు మీద చల్లి వేస్తే, మిగిలినవీ దాదాపు ఒకేసారి పండుతాయి. రెండు మూడు రోజుల పాటు ఏరి ఏరి, గూళ్ళు కట్టే చంద్రికల మీద వేసే తిప్పలు తగ్గుతాయి. కూలీలు దొరకని రోజుల్లో ఇది చిన్న సాయం కాదు.

ఆమె భయం వేరే ఉంది. గట్టు అవతల టమాటా తోట. ఒక పంటలో పురుగులు లావెక్కాయే గాని పండలేదు. "మేస్తానే ఉండాయి సార్, గూడు కట్టల్యా. ఆకు కరుసంతా మట్టిలో పోసినట్టే." అవతల ఏ మందు కొట్టారో ఆమెకు తెలియదు, కాబట్టి తప్పు ఎవరిదీ అనలేను. అయితే తెల్లదోమకు కొట్టే పైరిప్రాక్సిఫెన్ జువెనైల్ హార్మోన్‌కు నకలు. మల్బరీ ఆకు మీద దాని తుంపర కొద్దిగా పడినా చాలు, పురుగు చిన్నతనం దాటలేక మేస్తూనే ఉండిపోవచ్చు. పురుగు చావదు గనక రైతుకు వెంటనే అనుమానమూ రాదు.

మల్బరీ తోట పక్కన కూరగాయలు పండించే అన్నలారా, తెల్లదోమ మందు కలిపే ముందురోజు గట్టు దాటి ఒక్క మాట చెప్పండి. వాళ్ళు ఆకు ముందే కోసుకుంటారు.