జేమ్స్ బాండ్ సముద్రానికి టిక్కెట్టు ఎంత?

తెల్లటి ఇసుక. అద్దంలాంటి నీళ్ళు. ఆ నీళ్ళలోంచి శంఖాలు పట్టుకుని నడిచొచ్చే ఉర్సులా ఆండ్రెస్! 1962 లో వచ్చిన ‘డాక్టర్ నో’ లోని ఆ సీను తెలియని సినిమా పిచ్చివాళ్ళు వుంటారా? మన కృష్ణగారు ‘గూఢచారి 116’ (1966) తో తెలుగు తెరకి బాండ్ సినిమాల రుచి చూపించడానికి నాలుగేళ్ళ ముందే, అసలు బాండ్ మొదటి సినిమా అవుట్‌డోర్ జరిగింది కరేబియన్ సముద్రంలోని జమైకాలో. ఆ సముద్రం ఒక్కసారైనా చూడాలని నా కోరిక. కోరికకి కాళ్ళు రావాలంటే ప్లాను కావాలి కదా! కొన్నాళ్ళుగా నా బల్లమీద మ్యాపు పరిచే వుంది. మీలో ఎవరికైనా అదే పిచ్చి వుంటే పనికొస్తుందని యీ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఎంత దూరం? ఎంత దేశం?

క్యూబాకి దక్షిణంగా వుంటుంది జమైకా. పొడవు 235 కిలోమీటర్లు. వైశాల్యం పదకొండు వేల చదరపు కిలోమీటర్లకి కాస్త తక్కువ. అంటే మన పాత ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా అంత! జనాభా ఇరవై ఎనిమిది లక్షలు. గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. మనకి రాత్రి తొమ్మిదిన్నరకి సెకండ్ షో పడేవేళ, అక్కడ పొద్దున్న పదకొండై మార్నింగ్ షోకి జనం బయల్దేరతారన్నమాట.

ఇండియా నుంచి నేరుగా విమానం లేదు. లండన్ మీదుగా పోవాలి, లేదా అమెరికా మీదుగా. అమెరికాలో విమానం మారడానికైనా సరే వాళ్ళ వీసా వుండాల్సిందే. అంచేత నా ఓటు లండన్‌కే. అక్కడా ట్రాన్సిట్ నిబంధనలున్నాయి, టిక్కెట్టు కొనేముందే కనుక్కోవాలి. లండన్ నుంచి మరో పది గంటల ప్రయాణం. మన పాస్‌పోర్టుతో టూరిస్టుగా వెళ్ళేవాళ్ళకి జమైకా ముందస్తు వీసా అడగదు. అయితే యీ రూల్స్ మారుతుంటాయి, బయల్దేరేముందు ఇంకోసారి చూసుకోవడం మంచిది.

అక్కడ దిగాక ధర డాలర్లలో కనపడితే గుండె పట్టుకోకండి. అవి జమైకా డాలర్లు! ఒక అమెరికా డాలరుకి నూట యాభైకి పైగా వస్తాయి. ఊళ్ళ మధ్య తిరగడానికి ‘రూట్ టాక్సీ’లున్నాయి. ఎర్ర నంబరు ప్లేటు చూసుకుని ఎక్కడమే. మన షేర్ ఆటోలాగే నిండితేగాని కదలవు.

ఎప్పుడు వెళ్ళాలి?

జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, టూరిస్టులు ఎక్కువ. 2025 అక్టోబరు 28 న ‘మెలిస్సా’ అనే హరికేన్ గంటకి 290 కిలోమీటర్లకి పైగా వేగంతో జమైకా నైరుతి తీరాన్ని తాకింది. 1988 నాటి ‘గిల్బర్ట్’ గురించి అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి కథలుగా చెప్పుకున్నారు. మెలిస్సా దాన్ని మించిపోయింది. ద్వీపంలో పశ్చిమ భాగం బాగా దెబ్బతింది, తూర్పు కొస కొంత తప్పించుకుంది.

‘ఇలాంటప్పుడు షికారా?’ అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. 1977 దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళం మనం. కాని ఆ దేశంలో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగేది వచ్చిపోయే యాత్రికుల వల్లే. మనం మానేస్తే వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. వెళ్ళినప్పుడు మన డబ్బు ఎవరి చేతిలో పడుతుందన్నది చూసుకోవాలి. నా ప్లానంతా యీ లెక్క మీదే నడుస్తుంది.

షూటింగుల బాట

ఉత్తర తీరం పొడుగునా పడమటి నుంచి తూర్పుకి పోదాం. మాంటెగో బే లో దిగి కాస్త ముందుకి వెళ్తే ఫాల్‌మత్. ‘లివ్ అండ్ లెట్ డై’ (1973) లో మొసళ్ళ వీపులమీద బాండ్ పరుగెత్తుతాడే, ఆ షాట్ తీసింది యీ ఊరి దగ్గరి మొసళ్ళ ఫారంలో. పరుగెత్తింది రోజర్ మూర్ కాదు సుమండీ! ఆ ఫారం యజమాని రాస్ కనంగా. ఐదోసారికి గాని షాట్ ఓకే కాలేదు. అందులో విలన్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇంకా తూర్పుకి వెళ్తే ఓచో రియోస్. ‘డాక్టర్ నో’ సీను తీసిన ‘లాఫింగ్ వాటర్స్’ దీని దగ్గరే. అది దాటితే ఓరకబెస్సా. ఇయాన్ ఫ్లెమింగ్ 1946 లో ‘గోల్డెన్ ఐ’ అనే ఇల్లు కట్టుకుని బాండ్ నవలలు రాసింది ఇక్కడే. హీరో పేరు ఆయన సొంతం కాదు, ఒక పక్షుల పుస్తకం అట్టమీంచి తీసుకున్నాడు. వెస్టిండీస్ పక్షుల మీద ఆ పుస్తకం రాసిన పండితుడి పేరు జేమ్స్ బాండ్! గోల్డెన్ ఐ ఇప్పుడు ఖరీదైన హోటలు. ‘డాక్టర్ నో’ యూనిట్‌కి లొకేషన్లు వెతికిపెట్టిన క్రిస్ బ్లాక్‌వెల్ దాన్ని తర్వాత కొన్నాడు. బాబ్ మార్లే పాటల్ని ప్రపంచానికి అందించిన రికార్డు కంపెనీ కూడా ఆయనదే.

తూర్పు కొసన పోర్ట్ ఆంటోనియో. హాలీవుడ్ కత్తియుద్ధాల హీరో ఎరోల్ ఫ్లిన్ యీ ఊరిని ప్రేమించి ఇక్కడ స్థలాలు కొన్నాడు. అరటిగెలల్ని రేవుకి చేర్చే వెదురు తెప్పలమీద రియో గ్రాండే నదిలో షికారు చేయడం ఆయన సరదా. ఇప్పుడు అదే టూరిస్టులకి వేడుక. అన్నట్టు ఫ్లిన్ తొలి సినిమా (1933) బౌంటీ ఓడ తిరుగుబాటు కథ. ఆ ఓడ కెప్టెన్ బ్లై మొదటిసారి తేలేకపోయిన సీమపనస మొక్కల్ని రెండో ప్రయాణంలో, 1793 లో, జమైకాకే తెచ్చాడు. బానిసలకి చవగ్గా తిండి పెట్టడానికి! ఇవాళ అది నిప్పులమీద కాల్చుకు తినే ఇంటింటి తిండి.

ఇసుక ఎవరిది?

ఇక్కడే నా మ్యాపుకి ఒక చిక్కొచ్చిపడింది. లాఫింగ్ వాటర్స్ ఎవరు పడితే వాళ్ళు దిగి స్నానం చేసే పబ్లిక్ బీచి కాదు. అదొక్కటే కాదు, మంచి ఇసుక వున్న చాలాచోట్ల హోటళ్ళ గోడలే! కారణం 1956 నాటి ఒక చట్టం. తెల్లదొరల ప్రభుత్వం చేసిన యీ బీచ్ కంట్రోల్ చట్టం ప్రకారం తీరం మీద హక్కు సర్కారుది. సముద్రంలో మునిగే సాధారణ హక్కు జనానికి లేదు.

1962 ఆగస్టు 6 న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. రెండు నెలలకి ‘డాక్టర్ నో’ లండన్‌లో విడుదలైంది. జెండా మారింది, సినిమా ఆడింది, చట్టం మాత్రం అలాగే నిలిచింది. మామీ బే, బ్లూ లగూన్ లాంటి చోట్ల జాలర్లూ ఊరివాళ్ళూ కోర్టుకెక్కారు. తాతలనాటి నుంచి వల వేసిన చోట గేటూ కాపలావాడూ వుంటే ఎవరికైనా కడుపు మండదూ?

‘అన్నీ కలిపి’ ప్యాకేజీ తీసుకుంటే విమానాశ్రయం నుంచి హోటలుకి, హోటలు నుంచి హోటలు బీచికి, మళ్ళీ విమానాశ్రయానికి. ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. జమైకావాళ్ళు మాత్రం ట్రేలు పట్టుకుని కనిపిస్తారు.

అందుకే విన్నిఫ్రెడ్!

నా ప్లానులో ఐదు రోజులు పోర్ట్ ఆంటోనియోకే రాశాను. అదీ చిన్న గెస్ట్‌హౌస్‌లో. అక్కడికి దగ్గర్లో విన్నిఫ్రెడ్ అనే బీచి వుంది. దాన్ని పర్యాటక వ్యాపారం పేర తమకి కాకుండా చేస్తారని ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. తరతరాలుగా నడిచిన దారి గనక జనానికి హక్కుందని 2014 లో కోర్టు తీర్పిచ్చింది. టిక్కెట్టు లేదు, గేటు దగ్గర తోచింది ఇవ్వొచ్చు.

తమాషా చూడండి! రాబిన్ విలియమ్స్ ‘క్లబ్ ప్యారడైజ్’ (1986) తీసింది యీ బీచిలోనే. ఒక బీచి క్లబ్బుని కాజేయాలని చూసే పెద్దమనుషుల మీద తిరగబడే కథ అది. తర్వాత ఊరివాళ్ళే నిజంగా ఆ కథ నడిపించారు. ఇంటర్వెల్ లేకుండా!

పక్కనే బోస్టన్ బే. పిమెంటో కట్టెల పొగలో కాల్చిన ‘జెర్క్’ మాంసానికి పెట్టింది పేరు. అందులో పడే స్కాచ్ బానెట్ మిరపకాయ గుంటూరు వాళ్ళనైనా నీళ్ళు తాగిస్తుంది.

మనవాళ్ళ జాడ

దక్షిణ తీరంలో ఓల్డ్ హార్బర్ బే కూడా లిస్టులో వుంది. 1845 మే 10 న ‘బ్లండెల్’ అనే ఓడలో ఇండియా కూలీలు మొదటిసారి దిగింది అక్కడే. చెరకు తోటల కోసం 1917 దాకా దాదాపు ముప్పై ఆరు వేలమంది వెళ్ళారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు, మద్రాసు రేవు నుంచీ కొందరు. వాళ్ళు తెచ్చిన మేక కూర ఇప్పుడు జమైకాలో పెళ్ళి భోజనం. గంజాయికి అక్కడి పేరు మన దేశపుదే. మన రేగుపండుని ‘కూలీ ప్లమ్’ అంటారు. రేగుపండు తీపే కాని, ఆ ‘కూలీ’ మాట గొంతులో గుచ్చుకుంటుంది.

చివరి రోజు కింగ్‌స్టన్. 1938 నాటి ‘కరిబ్’ సినిమా హాలు అక్కడుంది. 1996 లో కాలిపోతే మళ్ళీ కట్టారు. పెర్రీ హెంజెల్ తీసిన తొలి జమైకా ఫీచర్ సినిమా ‘ద హార్డర్ దే కమ్’ 1972 లో విడుదలైంది ఆ హాల్లోనే. పాటగాడు కావాలని పల్లె నుంచి పట్నానికొచ్చిన కుర్రాడిగా జిమ్మీ క్లిఫ్ నటించాడు. తమ మాట, తమ పాట, తమ వీధులు తెరమీద మొదటిసారి చూసుకోవాలని జనం హాలుమీద పడ్డారు. బాండ్ సినిమాలో ఆ జనం వెనక నిలబడే ఎక్స్‌ట్రాలు, ఇందులో హీరోలు!

ఆ హాల్లో ఏ సినిమా ఆడుతున్నా సరే, ఒక ఆట చూసి విమానం ఎక్కాలని నా ప్లాను. విమానం టిక్కెట్టుకి డబ్బు ఇంకా కూడాలి. విన్నిఫ్రెడ్ గేటు దగ్గర ఇవ్వాల్సింది మాత్రం విడిగా తీసిపెట్టాను.